నా వాటా ఐదు గళ్ళు

ఎంబీబీఎస్ చివరి ఏడాదిలో నాకు ఉన్నట్టుండి ఒక పిచ్చి పట్టింది. దాని పేరు క్లినికల్ రీసెర్చ్. పేపర్లో అరచేయంత ప్రకటన కనబడింది. రెండేళ్ళ పీజీ చదువు, పాఠాలు పోస్టులో వస్తాయి, నెలకో ఆదివారం హైదరాబాదులో క్లాసు, చివరి ఏడాది వైద్య విద్యార్థులు కూడా చేరవచ్చు. అప్పటికి ఖమ్మం హాస్టల్లో నా మంచం కింద సర్జరీ పుస్తకం అట్ట కూడా నలగకుండా పడి ఉంది. బుద్ధున్నవాళ్ళెవరూ ఆ ప్రకటన రెండోసారి చదవరు. నేను నాలుగుసార్లు చదివి, అయిదోసారి కత్తిరించి పర్సులో పెట్టుకున్నాను.

మొదటి పార్సిలు వచ్చిన రోజు నుంచి నా కాళ్ళు నేల మీద లేవు. ఒక వైద్యం నిజంగా పనిచేస్తుందో లేదో తెలియాలంటే మనుషుల్ని రెండు జట్లు చేయాలట. ఎవరు ఏ జట్టులోకి వెళ్ళాలో డాక్టరు ఇష్టం కాదు, రోగి ఇష్టం కాదు, చీటీ తీసి తేల్చాలట. ఇంత చిన్న విషయం ఇన్నాళ్ళూ ఎవరూ నాకు ఎందుకు చెప్పలేదని వార్డులో నిలబడి ఆశ్చర్యపోయాను. ఇక చూసుకోండి, కనబడిన ప్రతిదానికీ చీటీలే. పొద్దున ఉప్మానా ఇడ్లీనా అంటే చీటీ. ముందు గైనిక్ చదవాలా పీడియాట్రిక్స్ చదవాలా అంటే చీటీ. నా రూమ్మేట్ కళ్ళకు చున్నీ కట్టి, క్యాంటీన్ టీ ఒక గ్లాసులో, స్టేషన్ ఎదుటి బండి టీ ఒక గ్లాసులో పోసి ఏది బాగుందో చెప్పమన్నాను. ఆ పిల్ల రెండూ తాగి, చున్నీ విప్పి, "రెండూ కషాయాలే. ఇగ నన్ను చదువుకోనియ్యవా?" అంది. నేను అది కూడా నోటుబుక్కులో రాసుకున్నాను.

బోనకల్లులో మా అమ్మ సంబరం నా సంబరాన్ని మించిపోయింది. రైలు దిగి ఇంటికి నడిచే పావుగంటలో నలుగురు ఆపి అడిగేవారు. "ఏందమ్మా, ఒకేపారి రెండు సదువులంట గదా?" పూలమ్మే ఆవిడకు తెలుసు, స్టేషన్లో టికెట్లు ఇచ్చే ఆయనకు తెలుసు. మా అమ్మ ఇద్దరితోనూ ఒకటే మాట చెప్పిందట, "ఒకటి రోగం కుదిర్చే సదువు, ఇంకోటి కుదిరిందో లేదో సూసే సదువు." నా ప్రొఫెసర్లలో ఎవరూ అంత తేటగా చెప్పలేదు.

ప్రొఫెసర్ అంటే గుర్తొచ్చింది. మా మెడిసిన్ ప్రొఫెసర్ గారినే నా థీసిస్‌కు గైడుగా ఉండమని అడిగాను. ఆయనకు కోపం వస్తే గొంతు తగ్గేది, అందుకే మాకు అంత భయం. చాలా చిన్న గొంతుతో అన్నారు, "అమ్మా, నీకున్నది ఒక్క స్టెతస్కోపు. ముందు దాన్ని ఒక్క ఛాతీ మీద సరిగ్గా పెట్టడం నేర్చుకో." నేను వదల్లేదు. వారం రోజులు ఆయన గది బయట బెంచీ మీద కూర్చున్నాను. ఎనిమిదో రోజు ఆయన తలుపు తీసి, "ఫైనల్ పరీక్ష మొదటిసారే పాసైతే సంతకం పెడతా" అన్నారు. పాసయ్యాను. ఎలాగని నన్ను అడక్కండి, ఆ సర్జరీ పుస్తకాన్ని అడగండి.

హౌస్ సర్జన్ ఏడాదిలో మాకు కొన్ని నెలలు పల్లె పోస్టింగు ఉంటుంది. నాకు భద్రాచలం వంతెన దాటి ఇంకా లోపల, అడవి అంచున ఉన్న దవాఖానా పడింది. అందరూ అయ్యో అన్నారు, నేను ఎగిరి గంతేశాను. వానాకాలంలో అక్కడ మలేరియా జ్వరాలే జ్వరాలు, నాకు కావలసింది అదే. కావలసింది అదే అని పైకి అనకూడదని ప్రొఫెసర్ గారు చిన్న గొంతుతో చెప్పాక మానేశాను.

నా ప్రశ్న ఇది. ఒక రకం మలేరియాకు జ్వరం తగ్గాక కూడా పద్నాలుగు రోజులు రోజుకో మాత్ర మింగాలి, లేకపోతే జ్వరం మళ్ళీ తిరగబెడుతుంది. జనం నాలుగు రోజులు మింగి, ఒళ్ళు తేలికపడగానే మానేస్తారు. మరి చేతికో కార్డు ఇచ్చి, అందులో పద్నాలుగు గళ్ళు గీసి, మాత్ర మింగిన రోజున ఒక గడిలో బొగ్గుతో గీత పెట్టమంటే? కార్డు ఉన్నవాళ్ళు ఎక్కువమంది పూర్తి చేస్తారా, నోటిమాట మాత్రమే విన్నవాళ్ళా? ఇంతే. దీని మీద నా రెండో డిగ్రీ ఆధారపడి ఉంది. పోస్టింగు ముగిసిన నెలలోగా థీసిస్ అందకపోతే రెండేళ్ళూ వృథా, మళ్ళీ అవకాశం లేదు. పైగా బోనకల్లు స్టేషన్ మొత్తానికీ మొహం చూపించాలి.

కార్డులు ఖమ్మంలో ఒక పెళ్ళిపత్రికల ప్రెస్సులో వేయించాను. మంచి దళసరి అట్ట కావాలన్నాను. ఆయన ఇచ్చాడు, కానీ పాత పెళ్ళిళ్ళలో మిగిలిన అట్ట. నాలుగు మూలలా పసుపు, రెండు పక్కలా అరటిచెట్లు, పైన మంగళవాద్యాలు, మధ్యలో నా పద్నాలుగు గళ్ళు. దవాఖానాలో ఏఎన్ఎం అక్క కట్ట విప్పి చూసి నోరు నొక్కుకుంది. "డాక్టరమ్మా, ఎవలకు పెండ్లి? దోమకా?" ఆ అక్క ఆ అడవిలో పదిహేనేళ్ళుగా తిరుగుతోంది. ఏ వాగు ఎప్పుడు పొంగుతుందో, ఏ ఇంట్లో ఎవరికి సూది అంటే భయమో ఆమెకు తెలుసు. ఆమె లేకపోతే నేను మొదటి మలుపులోనే తప్పిపోయేదాన్ని.

వాగు అవతల ఒక కోయగూడెంలో రక్తపరీక్షల్లో ఇరవై నాలుగు మందికి నాకు కావలసిన జ్వరం తేలింది. గర్భిణులను, పసిపిల్లలను, ఈ మాత్ర పడనివాళ్ళను ముందే తీసేసి లెక్కపెట్టినవాళ్ళు వీళ్ళు. పన్నెండు మందికి కార్డు, పన్నెండు మందికి మాట. గూడెం పెద్దను అందరూ పెద్దయ్య అంటారు, ఆయన ఇంటి ముందు పందిరి కింద అందరూ కూర్చున్నారు. పెద్దయ్య మోకాళ్ళ చుట్టూ కండువా చుట్టుకుని, తుమ్మ పుల్లతో పళ్ళు తోముకుంటూ నన్ను చూస్తున్నాడు. నేను అంగీకార పత్రం చదివాను. వాళ్ళలో వాళ్ళు కోయలో మాట్లాడుకుంటారు, నాతో తెలుగులో మాట్లాడేవారు. అర్థం కానిచోట అక్క విప్పి చెప్పేది.

"ఇష్టం లేకపోతే మీరు ఎప్పుడైనా బయటికి పోవచ్చు" అని చదివాను.

"మా ఊరు ఇడిసి యాడికి పోతం బిడ్డా?" అన్నాడు పెద్దయ్య.

"ఊర్లోంచి కాదు పెద్దయ్యా, అధ్యయనంలోంచి."

"గదేడ ఉంది?"

అందరూ నవ్వారు. వేలిముద్రలు వేశారు. తలా పద్నాలుగు మాత్రల పొట్లం ఇచ్చి, మాత్ర వేసుకున్నాక మూత్రం నల్లగా వస్తే వెంటనే ఆపి కబురు పెట్టమని అందరికీ రెండుసార్లు చెప్పాం. ఆ తర్వాత నేను సంచిలోంచి మూతికి బంక వేసిన ఇరవై నాలుగు కవర్లు తీశాను. ఆ క్షణం కోసం ఎన్ని నెలలు కలలు కన్నానో! కవరు చింపి చూస్తే కార్డు అనో మాట అనో ఉంటుంది. మొదటి కవరు, కార్డు. రెండోది, మాట. మూడోది, మాట. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. అచ్చం పుస్తకంలో ఉన్నట్టే జరుగుతోంది!

అంతా అయ్యాక పెద్దయ్య పుల్ల పక్కన పెట్టి అడిగాడు. "సగం మందికి అట్ట ఇస్తివి. సగం మందికి ఇయ్యకపోతివి. ఇయ్యనోళ్ళు ఏం తప్పు జేసిండ్రు?"

"ఏ తప్పూ లేదు పెద్దయ్యా. చీటీలో అట్ల వచ్చింది. అట్ల చేస్తేనే ఏది మంచిదో తెలుస్తది."

"అవ్" అన్నాడాయన. అంతే. ఒప్పుకున్నాడనుకున్నాను. అవ్ అంటే విన్నానని మాత్రమేనని, ఒప్పుకున్నానని కాదని తెలుసుకునే వయసు నాకు అప్పటికి రాలేదు.

ఆ మధ్యాహ్నమే వాన మొదలైంది. వాగు పొంగింది. అక్క కూడా అవతలికి వెళ్ళలేకపోయింది. మూడో రోజుకు నాకు చలి, దుప్పట్లు, పళ్ళు టకటకమనడం. నాలుగో రోజు నా రక్తం తీసి నేనే మైక్రోస్కోపు కింద చూసుకున్నాను. సరిగ్గా అదే రకం మలేరియా. సిగ్గులేకుండా చెబుతున్నాను, జ్వరంలో కూడా నాకు సంబరమే. పక్కన కూర్చున్న అక్కతో, "అక్కా, నాకూ వచ్చింది, సూడు సూడు, ఎంత బాగ కనబడుతుందో" అన్నానట. అక్క నా చేతిలో మాత్రలు పెట్టి, "జల్దీ మింగు, తర్వాత సూద్దువు" అంది. పద్నాలుగు మాత్రలు నాకు నేనే లెక్కపెట్టుకుని పొట్లం కట్టుకున్నాను.

పదహారో రోజు వాగు తగ్గింది. లెక్కల కాగితాలు పట్టుకుని, ఇంకా కాళ్ళలో నీరసం ఉన్నా దాదాపు పరుగెత్తాను, అక్క వెనకే వస్తూ కనబడినవాళ్ళందరికీ నా జ్వరం ముచ్చట చెప్పింది. ఇంటింటికీ తిరిగి మిగిలిన మాత్రలు లెక్కపెట్టడం, కార్డు చూడటం, అదే పని. మొదటి ఇల్లు, కార్డు జట్టు. ఆ ఇంటామె చూరులోంచి కార్డు తీసి ఇచ్చింది. కార్డు కాదు, సగం కార్డు. ఒక అరటిచెట్టు, ఏడు గళ్ళు.

"మిగతా సగమేదమ్మా?"

"పక్కింటోళ్ళకాడ."

పక్కిల్లు మాట జట్టు. వాళ్ళ దగ్గర రెండో అరటిచెట్టు, రెండో ఏడు గళ్ళు. మూడో ఇంట్లో సగం. నాలుగో ఇంట్లో సగం. పన్నెండు కార్డులూ కొడవలితో నిలువునా కోసి, ఇరవై నాలుగు సగాలు చేసి, ఇరవై నాలుగు మందికీ పంచేశారు. అంచులు ఎంత తిన్నగా ఉన్నాయంటే ఖమ్మం ప్రెస్సాయన కూడా అలా కోయలేడు. నా రెండు జట్లూ కలిసిపోయాయి. నా చీటీలు, నా కవర్లు, నా బంక, నా రెండేళ్ళు! అక్కడే ఆ బురదలో కూలబడ్డాను.

పెద్దయ్య వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. "ఏందమ్మా, మళ్ళ జెరమా?"

"పెద్దయ్యా, కార్డులు ఎందుకు కోసిండ్రు?"

ఆయన ఏమీ దాచలేదు. అడవిలో ఒక దుప్పి పడితే వేటకు వచ్చినవాడికీ రానివాడికీ వాటా ఉంటుందట. ముసలివాళ్ళకు ఉంటుంది, కడుపుతో ఉన్నామెకు రెండు వాటాలు ఉంటాయి. ఊళ్ళోకి వచ్చింది ఏదైనా సరే, కొందరి ఇళ్ళలోకి మాత్రం పోవడం ఆ గూడెంలో లేదు. "నీకు తెల్వక సగం మందికే ఇస్తివి. పట్నం పిల్లవు, చీటీల ముచ్చట నీది. నీ మనసు నొప్పియ్యొద్దని నీ ముంగట ఏం అనలే. నువ్ పోయినంక సరిజేసినం" అన్నాడు. నా తప్పును నాకు తెలియకుండా మర్యాదగా దిద్దారన్నమాట!

చిక్కు ఆ తర్వాత వచ్చిందట. మొదటి ఏడు గళ్ళు ఉన్నవాళ్ళకు రెండో వారం గీసుకోవడానికి గళ్ళు లేవు. రెండో ఏడు గళ్ళు ఉన్నవాళ్ళకు మొదటి వారం పని లేదు. అందుకని ప్రతి పొద్దునా జావ తాగగానే ఇరవై నాలుగు మందీ వాళ్ళ వాళ్ళ ముక్కలు పట్టుకుని పెద్దయ్య పందిరి కింద చేరారు. ఎవరి ముక్క ఎవరి ముక్కతో అతుకుతుందో చూసి జతలుగా కూర్చున్నారు. ఒకరి ఎదుట ఒకరు మాత్ర మింగారు, ఉన్నవాళ్ళ గడిలో ఇద్దరికీ కలిపి రెండు గీతలు పెట్టారు. ఎవరైనా రాకపోతే జతవాడికి గీత పెట్టుకునే దారి లేదు. వాడు వెళ్ళి చేను గట్టు మీదినుంచైనా లాక్కొచ్చేవాడు. ఒకాయన మూడు కోసులు నడిచి పోడు చేనుకు వెళ్ళిపోతే, జత ముసలమ్మ మాత్ర కొంగున కట్టుకుని వెంటబడి వెళ్ళి మింగించిందట. ఆ కథ చెబుతూ అందరూ పగలబడి నవ్వుతున్నారు, ఆ పోడు ఆయన సిగ్గుతో తల గోక్కుంటున్నాడు.

పొట్లాలన్నీ లెక్కపెట్టాను. ఒక్క మాత్ర కూడా మిగల్లేదు. రెండోసారి లెక్కపెట్టాను. ఇరవై నాలుగు మందీ పద్నాలుగు రోజులూ మింగారు. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందు వచ్చిందో చెప్పలేను. అక్క నా భుజం పట్టుకుని ఊపుతోంది. "పదిహేనేండ్లల గిట్ల ఎన్నడు సూడలేదే తల్లీ!"

అప్పుడు పెద్దయ్య అడిగాడు. "నీకూ వచ్చిందంట గదా జెరం. నీ మాత్రలు సూపియ్యి."

ఇదేం న్యాయం? లెక్కపెట్టేదాన్ని నేను. కానీ ఇరవై నాలుగు మందీ చూస్తున్నారు. సంచి అడుగున ఉన్న పొట్లం తీసి విప్పాను. పన్నెండు రోజులు గడిచాయి, పన్నెండు మాత్రలు మింగి ఉండాలి, రెండే మిగలాలి. ఐదు ఉన్నాయి. ఒక రోజు కాగితాలు గీసుకుంటూ మరిచిపోయాను. ఒక రోజు ఒళ్ళు తేలికపడిందని రేపు చూద్దామనుకున్నాను. ఇంకో రోజు ఎందుకు మానేశానో ఇప్పటికీ తెలియదు. ఏ రోగుల గురించి థీసిస్ రాయడానికి బయలుదేరానో, అచ్చం ఆ రోగినే.

గూడెం నవ్వలేదు. అది ఇంకా ఘోరం. ఆ జత ముసలమ్మ నా గడ్డం పట్టుకుని, "అయ్యో, పిల్లకు జత లేకపాయె" అంది.

పెద్దయ్య, "అట్ట ఇంకోటి ఉందా?" అన్నాడు. సంచిలో ఒక్కటి మిగిలింది. ఊరికి కార్డులు వేయించి, నాకోసం ఒకటి తీసుకోవాలని నాకు తోచనే లేదు. ఆయన దాన్ని కొడవలి అంచు మీద పెట్టి, తొమ్మిది గళ్ళు ఒక ముక్క, ఐదు గళ్ళు ఒక ముక్క చేశాడు. తొమ్మిది తన మొలలో దోపుకున్నాడు. ఐదు నా చేతిలో పెట్టాడు. "గిది నీ వాటా. నీకు జత మేమే."

మాట అనడం కాదు, చేసి చూపించారు. మొదటి మాత్ర అక్కడే అందరి ఎదుటా మింగాను. తర్వాత నాలుగు రోజులూ పొద్దున్నే ఆ గూడెం నుంచి ఎవరో ఒకరు దవాఖానా మెట్ల మీద తేలేవారు. ఒకరోజు సంతకు వెళుతూ ఒకామె, ఒకరోజు ఉత్త పుణ్యానికే పోడు ఆయన. అవుట్‌పేషెంట్ల వరస నిండా జనం ఉండగా, "డాక్టరమ్మ మింగిందా?" అని కేక. నేను నోరు తెరిచి చూపించేదాన్ని. పోడు ఆయనైతే బొగ్గుతో గడిలో గీత పెట్టి, తనకెవరో పగ తీర్చుకునే అవకాశం ఇచ్చినంత తృప్తిగా వెళ్ళిపోయాడు.

థీసిస్ సంగతి మిగిలింది. దవాఖానా ఫోను నుంచి ప్రొఫెసర్ గారికి చేసి అంతా చెప్పాను. రెండు జట్లూ కలిసిపోయాయి, తేడా ఏమీ లేదు, నేను అడిగిన ప్రశ్నకు జవాబు లేదు. నిజం చెప్పాలి, అప్పటికి ఒక పాడు ఆలోచన నా బుర్రలో దూరింది. కాగితాలు నా చేతిలోనే ఉన్నాయి, మాట జట్టులో ఒక ఐదుగురికి రెండేసి మాత్రలు మిగిలాయని రాస్తే అడిగేవాడు లేడు, థీసిస్ పుస్తకంలో ఉన్నట్టు చక్కగా వస్తుంది. ఆ మాట చెప్పలేదు గానీ ఆయన పసిగట్టినట్టున్నారు. గొంతు బాగా తగ్గించారు. "ఏం జరిగిందో రాయి. ముక్కలు కోశారని రాయి. ఎందుకు కోశారో రాయి. ఫెయిల్ చేస్తే చేయనీ."

రాశాను. క్వార్టర్లో కూర్చుని, చూరు నుంచి నీళ్ళు కారుతుంటే గిన్నెలు పెట్టుకుంటూ రాశాను. నా పద్ధతి ఎక్కడ తప్పిందో, ఒకే ఊరిలో మనుషుల్ని విడదీయబోయి ఊరిని ఎలా మరిచిపోయానో రాశాను. రాస్తుంటే ఎంత హాయిగా ఉందో! చివరి పేజీలో నా ఐదు గళ్ళ ముక్కను బంకతో అతికించాను. నోటి పరీక్షకు హైదరాబాదు బయలుదేరిన రోజు మా అమ్మ బోనకల్లు స్టేషన్ దాకా వచ్చింది, టికెట్లాయన కూడా చెయ్యి ఊపాడు.

పరీక్షకు వచ్చిన పెద్దమనిషి నెరిసిన మీసాల వెనక నుంచి గంటసేపు నన్ను ఉతికి ఆరేశారు. ఒకే గూడెంలో ఎందుకు చేశావు? ఊరి పెద్దను ముందే ఎందుకు అడగలేదు? ఇదేం అధ్యయనం? అన్నిటికీ ఒకటే జవాబు, నాకు తెలియక సార్. చివరికి ఆయన పుస్తకం మూసి, మళ్ళీ తెరిచి, మొదటి పేజీలో పాస్ అని రాసి సంతకం పెట్టారు. నేను కుర్చీలోంచి లేవబోతుంటే ఆపారు.

"ఇరవై నాలుగు మందీ పూర్తి చేశారని రాశావు. కింద మళ్ళీ ఒకరు మధ్యలో మూడు రోజులు మానేశారని రాశావు. ఎవరా ఇరవై అయిదో మనిషి? ఏ జట్టు?"

చివరి పేజీ తిప్పి చూపించాను. పసుపు మూల, సగం అరటిచెట్టు, ఐదు గళ్ళు, ఐదింటిలోనూ అయిదుగురు మనుషుల చేతి బొగ్గు గీతలు.

"నేనే సార్" అన్నాను. "వాళ్ళ జట్టు."